జంట చుక్కల శాస్త్రజ్ఞుడు – గిల్బర్ట్ న్యూటన్ లూయిస్

ఇంటర్మీడియట్‌లో చేరిన నాటి నుంచి ఎం.ఎస్సీ. పట్టా పుచ్చుకునేదాకా రసాయనశాస్త్ర విద్యార్థి నోటుపుస్తకంలో గీసే బొమ్మల్లో ఎక్కువ భాగం చుక్కలే. క్లోరిన్ చుట్టూ ఏడు చుక్కలు, ఆక్సిజన్ చుట్టూ ఆరు, కార్బన్ చుట్టూ నాలుగు. రెండు పరమాణువుల మధ్య రెండు చుక్కలు పెడితే ఒక బంధం, నాలుగు పెడితే ద్విబంధం. పరీక్షలో బొమ్మ సరిగ్గా పడితే మార్కులు, చుక్క తప్పితే కోత. అంతటితో మనకూ ఆ చుక్కలకూ ఋణం తీరిపోతుంది. వాటిని మొదట పెట్టిన మనిషి ఎవరు, ఎందుకు పెట్టవలసి వచ్చింది, పెట్టినందుకు ఆయనకు దక్కిందేమిటి అని అడిగేవాళ్లు తక్కువ.

ఆయన గిల్బర్ట్ న్యూటన్ లూయిస్. మన పుస్తకాలలో ఆ పేరు లూయిస్ నిర్మాణం, లూయిస్ ఆమ్లం, లూయిస్ క్షారం అంటూ మరో మాటకు ముందు తగిలించిన విశేషణంగా మిగిలిపోయింది. ఆ విశేషణం వెనక ఒక జీవితం ఉంది. పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో చూసి, లోపల దాని కట్టడి ఎలా ఉండి ఉండాలో ఊహించడానికి వెచ్చించిన జీవితం అది.

బాల్యం, చదువు

లూయిస్ 1875 అక్టోబరు 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి దగ్గరలోని వేమౌత్‌లో పుట్టాడు. తండ్రి న్యాయవాది. పిల్లవాడు మూడో ఏటనే చదవడం నేర్చాడు. తొమ్మిదో ఏట కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి తరలిపోయింది. చిన్నతనంలో చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది. బడి క్రమశిక్షణ పెద్దగా అంటకపోవడం వల్లనో ఏమో, ఎవరో చెప్పారని దేన్నీ ఒప్పుకోకపోవడం ఆయనకు చివరిదాకా స్వభావమైపోయింది.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివి, 1893లో హార్వర్డ్‌కు మారాడు. 1896లో పట్టా పుచ్చుకున్నాడు. ఒక ఏడాది బడిపంతులుగా పనిచేసి, మళ్లీ హార్వర్డ్‌కే వచ్చి థియోడర్ రిచర్డ్స్ దగ్గర పరిశోధన చేసి 1899లో, ఇరవై నాలుగేళ్లు నిండకముందే డాక్టరేటు సంపాదించాడు. ఆ తరవాత జర్మనీ వెళ్లి లైప్‌జిగ్‌లో ఓస్ట్వాల్డ్ దగ్గర, గొట్టింగెన్‌లో నెర్న్‌స్ట్ దగ్గర కొంతకాలం ఉన్నాడు. భౌతిక రసాయనశాస్త్రానికి ఆ రోజుల్లో అవి పుణ్యక్షేత్రాలు. అయితే నెర్న్‌స్ట్‌తో ఆయనకు పొసగలేదు. ఆ వైరం జీవితాంతం సాగింది.

ఒకే క్లోరిన్, రెండు రకాల నడత

లూయిస్ చేసిన పని విలువ తెలియాలంటే ముందు ఒక చిక్కు చూడాలి. వంట ఉప్పులో క్లోరిన్ ఉంది. కార్బన్ టెట్రాక్లోరైడులోనూ క్లోరిన్ ఉంది. ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అలా కరిగాక దానిలోంచి విద్యుత్తు పోతుంది. రెండోది మామూలు వేడికే ద్రవం, 77 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, విద్యుత్తును పోనివ్వదు. ఉప్పునీళ్లలో సిల్వర్ నైట్రేటు చుక్క వేయగానే తెల్లటి అవక్షేపం పడుతుంది. కార్బన్ టెట్రాక్లోరైడులో వేసి ఎంతసేపు చూసినా ఏమీ పడదు. రెంటిలోనూ ఉన్నది క్లోరినే. మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాక, రసాయన బంధమంటే ఒక పరమాణువు ఎలక్ట్రాన్ ఇవ్వడం, మరొకటి పుచ్చుకోవడం అన్న భావం బలపడింది. ఒకటి ధనావేశం, మరొకటి ఋణావేశం. ఆ రెండూ ఆకర్షించుకుంటాయి. ఉప్పుకు ఇది చక్కగా సరిపోయింది. కాని హైడ్రోజన్ అణువు మాటేమిటి? రెండూ ఒకే రకం పరమాణువులు. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు? అయినా ఒకటి ధనం, రెండోది ఋణం అని లెక్క వేసేవాళ్లున్నారు. సేంద్రియ రసాయనజ్ఞులు మాత్రం ఈ గొడవ పట్టించుకోకుండా పరమాణువుల మధ్య చిన్న గీత గీసి పని గడుపుకునేవారు. ఆ గీత అంటే ఏమిటో ఎవరికీ తెలియదు.

ఘనాకారపు పరమాణువు

1902లో లూయిస్ హార్వర్డ్‌లో ఉపాధ్యాయుడు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆవర్తన పట్టిక పాఠం చెబుతూ, ఎలక్ట్రాన్లను ఒక ఘనం మూలల్లో పెట్టి బొమ్మ వేశాడు. సోడియంకు ఒక మూలన ఒక ఎలక్ట్రాన్. అక్కడి నుంచి ఒక్కొక్క మూలకానికీ ఒక్కొక్కటి చేరుతూ క్లోరిన్ దగ్గరికి వచ్చేసరికి ఏడు మూలలు నిండుతాయి. ఎనిమిదీ నిండితే అది దేనితోనూ కలవని జడవాయువు. తరవాత కొత్త ఘనం మొదలవుతుంది. ఎనిమిదే ఎందుకు అన్న ప్రశ్నకు ఘనానికి ఎనిమిది మూలలుండటమే జవాబు. ఇవాళ మనకు ఇది పిల్లల ఆటలా తోచవచ్చు. కాని కేంద్రకం సంగతి అప్పటికి ఇంకా ఎవరికీ తెలియదు. రూథర్‌ఫర్డ్ అది చెప్పడానికి ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ కాగితాలను లూయిస్ అచ్చు వేయలేదు. ఆ రోజుల్లో హార్వర్డ్ రసాయనశాఖలో ఇలాంటి ఊహలకు ఆదరణ లేదు. పైగా ఆ బొమ్మ ఉప్పుకు సరిపోయింది గాని మీథేనుకు సరిపోలేదు. కాగితాలు సొరుగులో పద్నాలుగేళ్లు పడి ఉన్నాయి.

1904లో ఆయన ఫిలిప్పీన్స్ వెళ్లి మనీలాలో తూనికలు, కొలతల శాఖ అధికారిగా పనిచేశాడు. 1905లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్థర్ నోయెస్ బృందంలో చేరాడు. అక్కడ ఏడేళ్లలో ఉష్ణగతిక శాస్త్రంలో గట్టి పేరు తెచ్చుకున్నాడు. 1912లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆయనను బెర్కిలీకి పిలిచి రసాయనశాస్త్ర కళాశాలకు డీన్‌ను చేసింది. అదే ఏడు మేరీ హింక్లీ షెల్డన్‌ను పెళ్లాడాడు. కొడుకులిద్దరూ తరవాత తండ్రి దారినే రసాయనశాస్త్ర ఆచార్యులయ్యారు.

రెండు ఎలక్ట్రాన్ల జంట

1916 ఏప్రిల్‌లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో పరమాణువు, అణువు అన్న విషయం మీద లూయిస్ వ్యాసం వచ్చింది. మొత్తం ఇరవై నాలుగు పుటలు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా అనుభవిస్తే అదే బంధమని దాని సారాంశం. ఆ జంట పూర్తిగా ఇతనిదీ కాదు, అతనిదీ కాదు. ఇద్దరు రైతుల పొలాల మధ్య గట్టు ఇద్దరి లెక్కలోకీ వచ్చినట్టు, ఆ రెండు ఎలక్ట్రాన్లూ రెండు పరమాణువుల లెక్కలోకీ వస్తాయి. సేంద్రియ రసాయనజ్ఞులు అర్థం తెలియకుండా గీస్తూ వచ్చిన చిన్న గీతకు ఆనాటికి అర్థం దొరికింది. గీత అంటే రెండు ఎలక్ట్రాన్లు.

ఇందులో ఇంకొక గొప్ప విషయముంది. ఉప్పుకూ కార్బన్ టెట్రాక్లోరైడుకూ వేరువేరు సిద్ధాంతాలు అక్కర్లేదని ఆయన చూపించాడు. జంట సరిగ్గా నడుమ ఉంటే హైడ్రోజన్ అణువు. ఒకవైపు కొంచెం ఒరిగితే హైడ్రోజన్ క్లోరైడు. పూర్తిగా ఒకవైపుకే పోతే ఉప్పు. ఉప్పులో విడివిడి అణువులుండవు. ఆవేశం ఉన్న అయాన్లు అన్ని దిక్కులా ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి, అందుకే దాన్ని కరిగించడానికి అంత వేడి కావాలి. కార్బన్ టెట్రాక్లోరైడులో అణువు లోపలి పట్టు గట్టిదే గాని, అణువుకూ అణువుకూ మధ్య పట్టు తక్కువ. అందుకే అది సులభంగా మరిగిపోతుంది. పదార్థపు గుణం దానిలో ఏ మూలకాలున్నాయన్న దానితో ముగియదు, ఆ ఎలక్ట్రాన్ జంటలు ఎక్కడ నిలిచాయన్నదీ కావాలన్నమాట.

తన ఘనం తనకే అడ్డు వచ్చినప్పుడు లూయిస్ దాన్ని పట్టుకొని వేళ్లాడలేదు. రెండు ఘనాలకు ఒక అంచు ఉమ్మడి అయితే ఏకబంధం, ఒక ముఖం ఉమ్మడి అయితే ద్విబంధం. మరి ఎసిటిలీన్‌లోని త్రిబంధం? ఘనాలను ఎలా తిప్పినా అది కుదరదు. అందుచేత అదే వ్యాసంలో, ఎనిమిది ఎలక్ట్రాన్లు నాలుగు జంటలుగా దగ్గరికి చేరి చతుర్ముఖి మూలల్లో ఉంటాయని దిద్దుకున్నాడు. 1874లో వాంట్ హాఫ్ కార్బన్‌కు చెప్పిన చతుర్ముఖి ఆకారం ఇలా ఎలక్ట్రాన్ల భాషలో తిరిగి వచ్చింది.

బేసి అణువులు

ఎలక్ట్రాన్లు జంటలుగానే ఉంటాయనడానికి లూయిస్ చూపిన ఆధారం ఎంతో తేలికైనది. తెలిసిన అణువుల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య లెక్క వేస్తే, దాదాపు అన్నిటిలోనూ అది సరిసంఖ్య. బేసిసంఖ్య ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దీ మిగతావాటిలా నెమ్మదిగా ఉండవు. వాటికి చురుకు ఎక్కువ, చాలావాటికి రంగు ఉంటుంది, అయస్కాంతానికి లోబడతాయి.

నైట్రోజన్ డయాక్సైడునే తీసుకోండి. గోధుమరంగు వాయువు, దాని అణువులో జంట దొరకని ఎలక్ట్రాన్ ఒకటి ఉంది. గాజు బుడ్డిలో ఆ వాయువును మూసి మంచునీళ్లలో ముంచితే రంగు వెలిసిపోతుంది. వేడినీళ్లలో పెడితే మళ్లీ ముదురు గోధుమరంగు వస్తుంది. లాబొరేటరీలో ఈ ప్రయోగం చూసినవాళ్లు సమతాస్థితి సూత్రం రాసి ఊరుకుంటారు. లోపల జరిగే సంగతి మరొకటుంది. చల్లబడినప్పుడు రెండేసి అణువులు కలిసి, ఒంటరి ఎలక్ట్రాన్లు జంట కడతాయి. జంట కుదరగానే రంగు పోతుంది. ఒక్క ఎలక్ట్రాన్ ఒంటరిగా ఉందా, జంటలో ఉందా అన్న తేడా కంటికి కనిపించే రంగుగా బయటపడుతోంది.

లాంగ్‌మ్యూర్ రంగప్రవేశం

వ్యాసం వచ్చిన కొద్దికాలానికే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. 1918లో లూయిస్ సైన్యపు రసాయన విభాగంలో మేజరుగా ఫ్రాన్స్ వెళ్లాడు. విషవాయువుల నుంచి సైనికులను కాపాడుకునే శిక్షణ వ్యవహారాలు చూశాడు. యుద్ధం ముగిసి ఆయన తన పనికి మళ్లే సమయానికి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ సిద్ధాంతాన్ని అందుకున్నాడు. లాంగ్‌మ్యూర్ మంచి వక్త. ఊరూరా ఉపన్యాసాలిచ్చి దాన్ని ప్రచారంలో పెట్టాడు. మనం సమయోజనీయ బంధం అంటున్నదానికి ఇంగ్లీషు పేరు 1919లో పెట్టింది ఆయనే. కొందరు లూయిస్–లాంగ్‌మ్యూర్ సిద్ధాంతం అన్నారు. కొంతకాలానికి లూయిస్ పేరును వదిలేసేవాళ్లూ కనిపించారు.

లూయిస్ సభల్లో మాట్లాడటానికి ముందుకు వచ్చే మనిషి కాదు. మనసు నొచ్చుకున్నా పేచీ పెట్టుకోలేదు. జవాబుగా 1923లో వేలన్సీ మీద ఒక పుస్తకం రాశాడు. అదే సంవత్సరం మెర్ల్ రాండల్‌తో కలిసి ఉష్ణగతిక శాస్త్రం మీద మరో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒక మనిషి పేరు నిలబడటానికి వాటిలో ఏ ఒక్కటైనా చాలు.

ఆమ్లమంటే హైడ్రోజన్ ఇచ్చేదే అన్న కట్టు తెంచింది ఆ వేలన్సీ పుస్తకమే. బోరాన్ ట్రైఫ్లోరైడులో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే ఉన్నాయి, రెండింటికి చోటు ఖాళీ. అమ్మోనియాలో నైట్రోజన్ దగ్గర వాడని జంట ఒకటి ఉంది. ఈ రెండు వాయువులూ కలిస్తే ఆ జంట ఖాళీచోటులోకి వెళ్లి తెల్లని ఘనపదార్థం ఏర్పడుతుంది. హైడ్రోజన్ అయాను పాత్ర ఇందులో లేకపోయినా ఇది ఆమ్ల–క్షార చర్యే. జంటను పుచ్చుకునేది ఆమ్లం, ఇచ్చేది క్షారం. ఎన్నో పరిశ్రమల్లో ఉత్ప్రేరకంగా వాడే అల్యూమినియం క్లోరైడు నడత కూడా ఈ ఒక్క వాక్యంతో అర్థమవుతుంది.

బెర్కిలీ బల్ల చుట్టూ

బెర్కిలీలో లూయిస్ క్లాసు పాఠాలు చెప్పింది తక్కువ. ఆయన పాఠశాల వారానికొకసారి జరిగే పరిశోధనా గోష్ఠి. బల్ల దగ్గర చేతిలో చుట్టతో ఆయన కూర్చునేవాడు. ఆచార్యుడూ, నిన్న చేరిన పరిశోధక విద్యార్థీ ఒకే హక్కుతో మాట్లాడవచ్చు. వాదనలో వయసుకు మినహాయింపు లేదు.

ఆ బల్ల దగ్గర పెరిగినవాళ్ల పేర్లు చూడండి. హెరాల్డ్ యూరీ, విలియం జియోక్, గ్లెన్ సీబోర్గ్, విలార్డ్ లిబ్బీ, మెల్విన్ కాల్విన్ – వీళ్లంతా నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లే. హైడ్రోజన్ బంధం గురించి 1920లో వ్యాసం రాసిన లాటిమర్, రోడెబుష్ కూడా ఆ శాఖవాళ్లే. నీటి అణువు హైడ్రోజన్ సల్ఫైడు అణువులో దాదాపు సగం బరువే అయినా నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, హైడ్రోజన్ సల్ఫైడు సున్నాకు 60 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. ఆక్సిజన్ మీది ఒంటరి జంటలు పక్క అణువు హైడ్రోజన్‌ను పట్టి ఉంచడమే కారణం. ఆ పట్టే లేకపోతే మన గోదావరి, కృష్ణల్లో పారేది నీరు కాదు, ఆవిరే మిగిలేది.

చుక్కలకు అందనివి

లూయిస్ బొమ్మకు లొంగనివీ ఉన్నాయి. ఆక్సిజన్ అణువుకు చుక్కలు పెడితే అన్నీ జంటలే వస్తాయి. కాని ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే అది అక్కడే వేలాడుతూ నిలిచిపోతుంది. అంటే ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నట్టే. ఈ సంగతి లూయిస్‌కు బాగా తెలుసు. దాన్ని విడమరచడానికి తరవాత వచ్చిన అణు ఆర్బిటాల్ సిద్ధాంతం కావలసి వచ్చింది. అలాగే జంట ఎందుకు కట్టాలి అన్న ప్రశ్నకు 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు క్వాంటం లెక్కలతో జవాబు చెప్పారు. ఆ దారిలో ఎంతో ముందుకు పోయిన లైనస్ పౌలింగ్ 1939లో రసాయన బంధం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథాన్ని లూయిస్‌కే అంకితమిచ్చాడు.

భారజలం, చివరి పరిశోధనలు

1931లో శిష్యుడు యూరీ భార హైడ్రోజన్‌ను కనుగొన్నాక, 1933లో లూయిస్ దాదాపు స్వచ్ఛమైన భారజలాన్ని తయారుచేశాడు. చుక్కల బొమ్మలో భారజలానికీ మామూలు నీటికీ తేడా లేదు. కేంద్రకం బరువు మాత్రమే వేరు. ఆ కాస్త తేడాకే అది 3.8 డిగ్రీలకు గడ్డకడుతుంది, 101.4 డిగ్రీలకు మరుగుతుంది. అందులో నానబెట్టిన పొగాకు విత్తనాలు మొలకెత్తలేదు. ఈ భారజలమే ఇవాళ మన అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన సరుకు. తెలంగాణలోని మణుగూరులో దాని కర్మాగారం 1991లో మొదలైంది. 1934 నోబెల్ బహుమతి యూరీ ఒక్కడికే వచ్చింది.

అరవై ఏళ్లు దాటాక లూయిస్ మళ్లీ కొత్త విద్యార్థి అయ్యాడు. ఈసారి పదార్థాల రంగు, వెలుగు. కొన్ని పదార్థాలు వెలుతురు తీసేసిన తరవాత కూడా కాసేపు మెరుస్తూ ఉంటాయి. జంటలోని ఒక ఎలక్ట్రాన్ పైకి లేచి, దాని భ్రమణం తిరగబడి, జంట విడిన స్థితిలో అణువు చిక్కుకోవడమే దీనికి కారణమని 1944లో మైకేల్ కాషాతో కలిసి ప్రకటించాడు. ఆ స్థితిలో అణువు అయస్కాంతానికి లోబడాలి కదా! 1945లో కాల్విన్‌తో కలిసి అదీ చూపించాడు. 1916లో ఎత్తుకున్న ప్రశ్నే ఇదీ. ఎలక్ట్రాన్ జంటలో ఉందా, ఒంటరిగా ఉందా?

1946 మార్చి 23న, డెబ్బయ్యో ఏట, బెర్కిలీ లాబొరేటరీలో ప్రయోగం చేస్తూనే ఆయన నేలకొరిగాడు. ఆనాడు పనిచేస్తున్నది హైడ్రోజన్ సైనైడుతో. అందుచేత లోకం రకరకాలుగా చెప్పుకుంది. అధికారులు మాత్రం గుండెజబ్బు వల్ల మరణమని నిర్ణయించారు. ముప్పైసార్లకు పైగా ఆయన పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదించబడింది. ఒక్కసారీ రాలేదు. 1932లో లాంగ్‌మ్యూర్‌కు వచ్చింది, శిష్యులకు వచ్చింది, గురువుకు రాలేదు. ఇది అన్యాయమే. దాన్ని మెత్తని మాటలతో కప్పనక్కరలేదు.

అయితే, మిత్రులారా, బహుమతుల పట్టిక కంఠస్థం చేసేవాళ్లు కొద్దిమంది. చుక్కలు పెట్టేవాళ్లు ప్రపంచంలోని ప్రతి తరగతిలోనూ ఉన్నారు. కాకపోతే ఆ చుక్కలను మార్కుల కోసం పెట్టి వదిలేస్తే లూయిస్‌కు మనం చేసే అన్యాయం ఇంకొకటవుతుంది. ఈసారి ఒక అణువు బొమ్మ గీసినప్పుడు అక్కడితో కలం మూయకుండా, ఇది కరగడానికి ఎంత వేడి కావాలి, విద్యుత్తును పోనిస్తుందా, రంగుంటుందా, అయస్కాంతం దీన్ని లాగుతుందా అని బొమ్మనే అడిగి చూడండి. చాలావాటికి జవాబు ఆ చుక్కల్లోనే దొరుకుతుంది. దొరకని చోట ఆక్సిజన్‌ను గుర్తుచేసుకోండి. ఘనం సరిపోకపోతే చతుర్ముఖిని తెచ్చుకున్న మనిషి నేర్పిన పాఠం అదే. బొమ్మకూ పదార్థానికీ పేచీ వస్తే దిద్దవలసింది బొమ్మనే.